జానెడు ఎక్కువ

నేను ఒక గడను. దడి కట్టే గడను కాను, పందిరికి నిలబెట్టే గుంజను కాను. నేల కొలిచే గడను. నా పొడవు పన్నెండు మూరలని నక్కలవంక ఊరంతా అనుకునేది. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకు తిరిగాను. ఇప్పుడు పని మారింది. పొద్దున లేస్తే నీళ్ళలో మునిగి తేలుతున్నాను. ఇక దాచి ఏం చేసుకోను గనుక నిజం చెబుతాను. పన్నెండు మూరల మీద నాకు ఇంకొక జానెడు ఉండేది.

నల్లమలలో ఒక వాగు ఒడ్డున పుట్టాను. మేదరి గంగడు నన్ను నరికి, సెగ మీద కాచి వంకర తీసి, నెలరోజులు నువ్వుల నూనె పట్టించాడు. వెదురుకు ఇంత మర్యాద ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. యుద్ధంలో మెప్పించినందుకు ప్రోలినాయుడికి రాజు నక్కలవంకలో పన్నెండు మరుతురుల నేల ఇచ్చాడట. దాన్ని కొలవడానికి నేను కావలసివచ్చాను. కొత్త గడ ఏది తయారైనా ముందు గుడి మండపం మెట్టు మీద పడుకోబెట్టాలి. అక్కడ పన్నెండు మూరల కొలత రాతిలో చెక్కి ఉంటుంది, రెండు కొసలా రెండు అడ్డగీతలతో. పెద్దలందరి ముందూ నన్ను పడుకోబెట్టారు. వెంట్రుకవాసి తేడా లేదు. ఒకసారి రాయి ఒప్పుకున్న గడను మళ్ళీ రాతి దగ్గరికి తేనక్కరలేదని ఊరి కట్టుబాటు.

ఆ కట్టుబాటు ప్రోలినాయుడికి బాగా తెలుసు. మర్నాడు నన్ను కమ్మరి కొలిమికి పంపాడు. కొసలు అరిగిపోకుండా ఇనుప పొన్నులు తొడిగించాలి అన్నాడు. ఎవరు కాదంటారు? చేతికర్రకు కూడా పొన్ను వేసుకుంటారు కదా. కాని నా పొన్నులు కొసల దగ్గర ఆగలేదు. ఒక్కొక్కటి నన్ను దాటి ఆరు వేళ్ళు ముందుకు సాగింది. లోపలి ఖాళీలో చెక్కముక్కలు కుక్కి లక్క పోశారు. అటు ఆరు, ఇటు ఆరు. వెరసి జానెడు.

జానెడే కదా అనుకోకండి. గడ నిలువుకూ పడుతుంది, అడ్డానికీ పడుతుంది. పన్నెండు మరుతురులు కొలిచి లేచేసరికి పదమూడో మరుతురు నాయుడి గట్టు లోపలికి వచ్చి కూర్చుంది. అది కాచడనే రైతుది. అతను, అతని పెళ్ళాం చేతులు పుళ్ళయ్యేలా తవ్వుకున్న బావి కూడా అందులోనే ఉంది.

"మీ గడ పెరిగింది దొరా," అన్నాడు కాచడు.

"గడ పెరగదురా. నీ ఆశ పెరిగింది," అన్నాడు ప్రోలినాయుడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొత్త పొన్నుల మురిపెంలో ఉన్నాను మరి. నాగలి గుర్తు చెక్కిన కాచడి హద్దురాయిని ఆ సాయంత్రమే నాయుడి మనుషులు అడుగు లోతుకు దిగగొట్టి పైన దుక్కి దున్నేశారు. కాచడి కోడలు ఎర్రక్క అప్పటికి కొత్త పెళ్ళికూతురు. గట్టు మీద నిలబడి అంతా చూసింది.

తర్వాత యాభై ఏళ్ళు నేను ప్రోలినాయుడి చావడిలో దూలానికి వేలాడాను. దసరాకు పసుపు, కుంకుమ, సాంబ్రాణి. నాయుడి ఇంటి గడ అంటే ఊళ్ళో ఒక గౌరవం. ఎర్రక్క మాత్రం ఆ బావి దగ్గరే కూలికి ఏతంతో నీళ్ళు తోడుతూ, "మా మామ రాయి భూమిలోనే ఉంది," అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. ముసలిదాని గొడవ అని జనం వినడం మానేశారు.

ప్రోలినాయుడు పోయాక కొడుకు బేతనాయుడు దొరతనం చేశాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్న మాట ఇతని కోసమే పుట్టిందేమో. రాజుగారి దండు కదులుతోందని కబురు వచ్చింది. ఇంటికి నాలుగు గుర్రాలు తెస్తే చాలు. పక్క ఊరి నాయకుడు ఆరు తెస్తున్నాడని తెలిసి బేతనాయుడికి నిద్ర పట్టలేదు. తానూ ఆరు కొనడానికి కొమ్మిశెట్టి దగ్గర అరవై బంగారు మాడలు అప్పు తీసుకున్నాడు. రెండేళ్ళలో చైత్ర పున్నమికి తీర్చకపోతే పన్నెండు మరుతురుల నేల శెట్టికి విడిచిపెట్టాలి.

తాటాకు మీద పత్రం రాస్తూ కరణం అన్నయ అడిగాడు, "కొలత గుడి రాతి ప్రకారం అని రాయనా?"

బేతనాయుడికి రోషం వచ్చింది. "మా ఇంట గడ ఉండగా రాయి దేనికి? మా ఇంటి గడతో అని రాయి."

"తమ చిత్తం," అన్నాడు శెట్టి. లేచి వెళ్తూ దూలం కింద ఆగి, నా పొన్ను మీద వేళ్ళు ఆనించి ఒకటి, రెండు, మూడు అని మెల్లగా జరిపాడు. కొలిచి అమ్ముకు బతికేవాడి వేళ్ళవి. ఆరు దగ్గర ఆగి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

దండు తిరిగి వచ్చింది. బేతనాయుడు రాలేదు, ఆరు గుర్రాల్లో ఒక్కటీ రాలేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. భార్య మల్లసాని, తల్లి కామసాని. పిల్లలు లేరు. నగలు అమ్మితే వడ్డీకి చాలలేదు. చైత్ర పున్నమి మూడు రోజుల్లోకి వచ్చింది.

ఆ మిట్టమధ్యాహ్నం అన్నయ ఒక పురికొస చుట్ట తీసుకుని వచ్చాడు. గుడి రాతి మీద కొలిచి తెచ్చిన తాడు. దూలం నుంచి నన్ను దింపించి నా పక్కన పరిచాడు. తాడు అయిపోయింది, నేను అయిపోలేదు. రెండువైపులా పొన్నులు మిగిలాయి. మల్లసాని చాలాసేపు వాటినే చూసింది.

"ఏందిది అన్నయగారూ?"

"మీ మామగారి తెలివమ్మా. దీంతో కొలిస్తే మీ నేల మొత్తం, బావితో సహా శెట్టికి పోద్ది. పొన్నులు తీసి కొలిస్తే బావున్న మరుతురు మీకు మిగులుద్ది. పత్రంలో మీ ఇంటి గడ అనే ఉంది. పొన్నుల మాట లేదు."

"ఊరికే ఊడదీస్తే అందరూ అడగరా?"

అన్నయ తల వంచుకున్నాడు. "ఇంటాయన పోయాడు, గడకు సింగారమెందుకని తీసేశాం అనండి. ఆ మాటంటే ఎవురూ తిరిగి అడగరు."

మల్లసాని తన బోసి చేతుల వంక చూసుకుంది. అన్నయ గొంతు సవరించుకుని, ఆ బావి పొలం మీద ఏటా రెండు పుట్ల ధాన్యం తనకు కొలిస్తే చాలునన్నాడు. మంచిమాట చెప్పడానికి వచ్చినవాడు ఉత్తచేతులతో వెళ్ళడు కదా.

మూలన కామసాని చేటలో నూకలు చెరుగుతోంది. ఎనభై దగ్గర పడిన మనిషి. చేట కింద పెట్టింది.

"ఆ పొన్నులు నా కళ్ళ ముందే పడ్డయ్. తెలిసి నోరు మూసుకున్న. ఇప్పుడు అవి తీస్తే రేపో మాపో ఎవుడో ఒకడు లెక్క కడతాడు. ప్రోలినాయుడు దొంగ గడతో కొలిచాడంటారు. నేల పోతే పోనీ. పేరన్నా మిగలనీ మల్లీ."

"పేరు వండుకు తింటామా అత్తా? ఆ ఒక్క మరుతురు ఉంటే ఇద్దరం బతుకుతాం. లేకపోతే ఎవరి గుమ్మం ఎక్కుదాం?"

"పొన్నులు లేని గడ మా గడ కాదు. తీశావో, ఆ పొన్నులు నేనే తెచ్చి అందరి ముందూ శెట్టి చేతిలో పెడతా."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారే, మల్లసాని సరిగ్గా అక్కడ నిలబడింది. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు, తెల్లవారితే కొలత అనగా, ఆమె పొయ్యిలో బొగ్గులు రాజేసి నా కొసను దాని మీద పెట్టింది. లక్క కరిగి చుక్కలు చుక్కలుగా కారింది. చెరగు చేతికి చుట్టుకుని పొన్నును మెలితిప్పి లాగింది. చెయ్యి కాలింది. రెండోదీ లాగింది. యాభై ఏళ్ళ తర్వాత నా కొసలకు గాలి తగిలింది. అక్కడ వెదురు ఇంకా తెల్లగానే ఉంది. కామసాని ఆ రెండు పొన్నులనూ కొంగులో మూటగట్టుకుని, కోడలి మొహం చూడకుండా లోపలికి పోయింది.

పున్నమి పొద్దున ఊరంతా గట్టు మీద ఉంది. నేల పోగొట్టుకునేవాళ్ళు స్నానం చేసి తడిబట్టలతో కొలత అయ్యేదాకా నిలబడాలి. చివర్లో, తమకు మిగిలిన నేల మీద నిలబడి, మట్టిగడ్డ నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయాలి. మల్లసాని చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఎంత చెప్పినా వినకుండా కామసాని వచ్చి బావి ఒరమీద కూర్చుంది. ఒళ్ళో మూట ఉంది. ఏతం మాత్రం ఆగలేదు. నారుమడి ఎండిపోతుందని ఎర్రక్క అల్లుడు ఏతపు దూలం మీద నడుస్తున్నాడు, ఎర్రక్క కింద నిలబడి బాన ఒంపుతోంది.

శెట్టి నన్ను చూడగానే అడిగాడు. "పొన్నులేవి?"

"ఇంటాయన పోయాక సింగారమెందుకని తీసేశారు శెట్టిగారూ," అన్నాడు అన్నయ తాటాకుల్లోంచి తల ఎత్తకుండా.

ఆడవాళ్ళు అయ్యో అనుకున్నారు. శెట్టి తడిబట్టలతో ఉన్న మల్లసానిని చూశాడు. అంతమందిలో ఆ మాట మీద ఇంకొక మాట అడగడం ఎవరి తరమూ కాదు. అతని చూపు మాత్రం బావి ఒరమీది మూట దాకా వెళ్ళి వచ్చింది. నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే ఆగిపోయేది.

తిప్పడనే గడవాడు నన్ను తూర్పు గట్టున పెట్టి కొలత మొదలుపెట్టాడు. నన్ను పరచడం, కొస దగ్గర కాలి బొటనవేలితో గీత గీయడం, లేపి ముందుకు వేయడం. మరుతురు పూర్తయినప్పుడల్లా అన్నయ ఒక చింతపిక్క పక్కన పెడుతున్నాడు. మూడు, నాలుగు, అయిదు. కామసాని చేతులు మూట ముడి మీద ఉన్నాయి. ఎనిమిది. శెట్టి నాకంటే ముందు నడుస్తూ మిగిలిన నేలను కళ్ళతో కొలుస్తున్నాడు. పది. మల్లసాని పెదవులు తెల్లబడ్డాయి. పదకొండు.

పన్నెండో పిక్క పడింది. నా ముందు ఇంకా నేల ఉంది. ఒక మరుతురు నేల, అందులో బావి. జనం గుసగుసలాడారు. అన్నయ తొందరగా, "మిగులు మల్లసానమ్మది," అని రాయబోయాడు.

సరిగ్గా అప్పుడే చివరి గీత గీస్తున్న తిప్పడు కాలు పట్టుకుని కూలబడ్డాడు. యాభై ఏళ్ళ వానలకు పైమట్టి కొట్టుకుపోయిన దుక్కిలో ఏదో గట్టిది తగిలి బొటనవేలి గోరు లేచిపోయింది. ఇద్దరు వంగి చేతులతో మట్టి తోడారు. రాయి తల కనిపించింది. ఇంకొంచెం తోడితే దాని మీద నాగలి గుర్తు, మట్టి నిండి, స్పష్టంగా. నా కొస దాని నడినెత్తి మీద ఉంది.

ఏతం ఆగిపోయింది. ఎర్రక్క బాన వదిలేసి వచ్చింది. రాయి ముందు చతికిలబడి, నాగలి గుర్తులోని మట్టిని చూపుడువేలితో గీకి తీసింది. ఏడవలేదు, అరవలేదు.

"మా మామ రాయి," అంది అంతే.

యాభై ఏళ్ళు ఎవరూ వినని మాట ఆ రోజు అందరికీ వినబడింది. శెట్టి నెమ్మదిగా ముందుకు వచ్చాడు. "రాళ్ళ సంగతి తర్వాత. మిగులు మీద ఒట్టు పడాలి గదా. సానమ్మా, కానివ్వండి," అన్నాడు. అతనికి కావలసింది ఆమె తడబాటు. ఒట్టు పడకపోతే మిగులు లేనట్టే, కొలత తప్పినట్టే. మళ్ళీ కొలవమనవచ్చు, ఈసారి పొన్నులతో.

మల్లసాని వంగి మట్టిగడ్డ తీసుకుని నెత్తిన పెట్టుకుంది. ఒట్టు మాటలు ఊళ్ళో అందరికీ నోటికి వచ్చినవే. ఈ గట్టుకు ఇవతలి నేల మాది, మా పెద్దలు ఇచ్చింది, దీని మీద ఎవరి కన్నీళ్ళూ లేవు. ఆ మూడు మాటలు అంటే చాలు, ఇద్దరు ఆడవాళ్ళకు బతుకు. అనకపోతే సాయంత్రానికి వీధిలో ఉండాలి.

"ఈ గట్టుకు ఇవతలి నేల," అంది. ఆగింది. అన్నయ కళ్ళతోనే కానివ్వమన్నాడు. ఎర్రక్క ఆమె వంక చూడటం లేదు, రాయినే తుడుస్తోంది. యాభై ఏళ్ళు ఏతం లాగి కాయలు కాచిన చేతులు. నిన్న కాలిన మల్లసాని చేతి మీద మట్టి నీళ్ళతో కలిసి కారుతోంది. చావడి దూలానికి వేలాడుతూ ఎందరో ఒట్లు వేస్తుంటే విన్నాను. వేయవద్దని కోరుకోవడం అదే మొదలు. వేస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆమె ఎక్కడికి పోతుంది మరి?

మల్లసాని మట్టిగడ్డను నెత్తి మీద నుంచి తీసి, వంగి, ఎర్రక్క ఒళ్ళో పెట్టింది.

"నీదే ఎర్రక్కా. గడ ఇయ్యాలే నిజం చెప్పింది. నిన్నటిదాకా దీనికి జానెడు అబద్ధం ఉంది."

అన్నయ చేతిలో చింతపిక్కలు జారి కింద పడ్డాయి. శెట్టి మాత్రం దీనికే ఎదురుచూస్తున్నట్టు అందుకున్నాడు.

"అబద్ధమో నిజమో నాకు పని లేదమ్మా. పత్రం రాసిన రోజు గడకు పొన్నులున్నయ్. నేను వేలితో కొలిచి మరీ చూసిన. ఆ గడతో పన్నెండు మరుతురులు నావి. పొన్నులు పెట్టి మళ్ళీ కొలవండి. ప్రోలినాయుడుగారు ఎంత పెద్ద చేతివాటం మనిషో ఊరూ చూస్తది."

అందరూ కామసాని వైపు తిరిగారు. ముసలమ్మ ఒరమీద నుంచి లేచి నిలబడింది. మూట ముడి విప్పింది. పొన్నులు ఎండకు మెరిశాయి. మాట ఇచ్చిన ప్రకారం వాటిని శెట్టి చేతిలో పెట్టడానికే వచ్చింది ఆమె. శెట్టి చెయ్యి చాచాడు కూడా.

"పేరు ఎటూ పోయింది," అంది కామసాని. "నేలన్నా తిన్నగా పోనీ."

చేతులు బావి మీదికి చాచి వదిలేసింది. ఒకటి, వెనకే ఇంకొకటి, నీళ్ళలో పడిన చప్పుడు గట్టు దాకా వినిపించింది.

పొన్నులు లేని గడను ఇక రాతి దగ్గరికి తీసుకుపోవడం తప్ప దారి లేకపోయింది. యాభై ఏళ్ళ తర్వాత రెండోసారి మండపం మెట్టు మీద పడుకున్నాను. రెండు అడ్డగీతల మధ్య సరిగ్గా ఇమిడాను. ఊరి పెద్దలు, రాయి చెప్పిందే గడ అన్నారు. శెట్టి చాలాసేపు గొణిగి, చివరికి పన్నెండు మరుతురులు రాయించుకుని పత్రం చించేశాడు. పదమూడోది ఎర్రక్క పేర ఎక్కింది. దానితో ప్రోలినాయుడి ఇంటి దొరతనం కూడా పోయింది. దొంగ గడ వేలాడిన చావడిలో తగవులు తీర్చేదెవరు? అన్నయకు రెండు పుట్లు రాలేదు సరికదా, కరణీకం ఊడకుండా కాపాడుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

కొలగడగా నన్ను ఎవరూ మళ్ళీ ముట్టుకోలేదు. రాయి రెండుసార్లు ఒప్పుకున్నా జనం ఒప్పుకోలేదు. నాకు కష్టంగానే తోచింది. పొన్నులు తొడిగింది నేనా? కాని వాటితో యాభై ఏళ్ళు మురిసింది నేనే, అది కాదనను. దసరా వచ్చింది, పోయింది. పసుపు లేదు, కుంకుమ లేదు.

ఆ ఏడే ఏతపు గడ విరిగితే ఎర్రక్క నన్ను అడిగి తీసుకుంది. పన్నెండు మూరలు ఆ బావికి సరిపోతాయి. కొసకు బాన కట్టారు. ఎర్రక్కకు చూపు ఆనడం లేదు, బాన ఒంపడానికి ఇంకొక మనిషి కావాలి. కబురు పెట్టింది ఎవరికో మీరు ఊహించే ఉంటారు.

మల్లసాని మొదటి రోజు వచ్చి గట్టు మీద నిలబడిపోయింది.

"ఏం చూస్తావు దొరసానీ," అంది ఎర్రక్క. "పట్టుకో. కూలి రోజుకు రెండు మానికలు. అత్తకు గంజి మా ఇంట్లోనే కాస్తా."

మల్లసాని నన్ను పట్టుకుంది. చేతిలో కాలిన మచ్చ నాకు తెలిసిన మచ్చే. ఎర్రక్క అల్లుడు దూలం మీద ముందుకు నడిస్తే నేను బావిలోకి దిగుతాను, వెనక్కు నడిస్తే పైకి వస్తాను. మొదట్లో ఆమె చేతులు పొక్కులెక్కాయి. ఇప్పుడు కాయలు కాచాయి. మొన్న మాఘంలో కామసాని పోతే, ఆమె సమాధికి ఎర్రక్క బావి దగ్గరే ఒక మూల చోటిచ్చింది.

వేసవిలో నీళ్ళు అడుగంటుతాయి. అప్పుడు బాన అడుగు ఇనుముకు తగిలి టంగుమంటుంది. ఎర్రక్క విననట్టు పక్కకు తిరిగి కాలవకు గండి కొడుతుంది. మల్లసాని ఒక్క క్షణం ఆగి, నన్ను కొంచెం పక్కకు జరిపి, నీళ్ళున్న చోట బాన ముంచుతుంది.